జెర్సీ ఆవును గుర్తించుట యెట్లు?

మన పల్లెలలో మూపురము కనబడని యావును "జెర్సీ ఆవు" అని పిలుచుట వాడుకయైపోయినది. నల్లనిదైనను జెర్సీయే, నలుపు తెలుపు మచ్చలు గలదైనను జెర్సీయే. గోధుమవన్నె గలదైనచో నిక చెప్పనక్కఱలేదు. పాలకేంద్రమునొద్ద నడిగినను, దాణా యమ్ము దుకాణమున నడిగినను ఈ మాటయే వినబడును. పేరుతో నేమి పని, పాలు వచ్చిన చాలునని కొంద రనవచ్చును. మేమును కొంతకాల మట్లే తలచితిమి. ఆ తలంపు వలన మాకంటె నెక్కువగా వేఱొకరు నష్టపడిరి. కావున ఈ యావును గుర్తించు విధమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుట మా విధి యని యెంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మూడు సంవత్సరముల క్రిందట, మా పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్న యొక బాలుని తల్లి మాయొద్దకు వచ్చెను. ఆమె భర్తను పోగొట్టుకొని, కూలిపని చేసి యిద్దరు బిడ్డలను పెంచుకొనుచున్నది. పొదుపు సంఘములో నామెకు అప్పు మంజూరైనది. ఆ సొమ్ముతో నొక పాడియావును కొనవలెనని యామె కోరిక. "అయ్యగారూ, మీరు చదువుకున్నవారు. ఒక్కసారి సంతకొచ్చి ఆవును చూసి చెప్పండి. మంచి జెర్సీ ఆవైతేనే కొంటాను" అని యడిగెను. మేము సైన్సు చెప్పువారము. వెన్నెముక గల జంతువుల పాఠమును నల్లబల్లపై బొమ్మలు వేసి బోధించువారము. సంతోషముతో నొప్పుకొంటిమి.

సంత తెల్లవాఱకమునుపే కూడును. మేము చేరునప్పటికి చింతచెట్ల క్రింద నావులు బారులుదీరి యుండెను. వానిలో నొకటి మా కన్నుల నాకర్షించెను. లేడివన్నె మేను, నల్లని మూతి, నిండుకుండవంటి పొదుగు. దళారి మా చూపును కనిపెట్టి, "చూడండి బాబూ, అచ్చమైన జెర్సీ. పూటకి ఎనిమిది లీటర్లకి తక్కువుండదు. రంగు చూడండి, లేడిపిల్లలా లేదూ?" అని మొదలిడెను. మేము రంగును చూచితిమి, పొదుగును చూచితిమి, తల యూపితిమి. ఆ సమయమున మాతో వచ్చిన బాలుడు ఆవు ప్రక్కన నిలిచి, దాని మెడ వెనుక చేయి వేసి నిమురుచు, "అయ్యగారూ, దీనికి మూపురం ఉన్నట్టుందండీ" అనెను. "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదురా" అని మేము వానిని గద్దించితిమి. తువ్వాలు క్రింద చేతులు కలిసెను, బేరము కుదిరెను.

ఇంటికి చేరిన మఱునా డుదయమున ఆ యావు మూడున్నర లీటరుల పాలిచ్చెను. సాయంకాలమున మూడు లీటరులైనను రాలేదు. సంతకు తెచ్చుటకు ముందు రెండు పూటలు పితుకక నిలిపిరి గనుకనే పొదుగు నిండుగ కనబడినది. వారము దినముల తరువాత టీకాలు వేయుటకు వచ్చిన పశువైద్యులు ఆవు మూపుపై అరచేయి మోపి, "ఇందులో జెర్సీ నాలుగోవంతు ఉంటే ఎక్కువ" అని చెప్పిరి. అనగా ఆ బాలుడు సంతలో చేయి వేసిన చోటనే వారును చేయి వేసిరి. అప్పు కంతు మాత్రము పదునాఱు లీటరుల లెక్కపై నిర్ణయమైయుండెను. ఆ తరువాత ననేక దినములు తరగతిలో నా బాలుని ముఖము చూచుటకు మాకు సిగ్గుగా నుండెను. ఇక చదువవలసిన దానిని చదివి, చూడవలసిన యావులను చూచి, వైద్యుల నడిగి తెలిసికొన్న సంగతులను ఇందు పొందుపఱచుచున్నాము.

జెర్సీ యనునది మొదట నొక ద్వీపము పేరు. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమనున్న సముద్రములో, ఫ్రాన్సు తీరమునకు 14 మైళ్ల దూరమున నున్నది. విస్తీర్ణము 45 చదరపు మైళ్లు మాత్రమే. మన తాలూకాలలో చిన్నదానికంటెను చిన్నది. అక్కడి రైతులకు భూమి తక్కువ. ఆవులను విచ్చలవిడిగా మేతకు వదలక, గొలుసుతో గూటమునకు కట్టి, గడ్డి మేసిన కొలదిని గూటమును జరుపుచు మేపుట వారి యాచారము. కొద్ది మేత తిని చిక్కని పాలిచ్చు చిన్న యావు వారికి కావలసి వచ్చెను. తరతరములుగ నట్టిదానినే వారు నిలుపుకొనిరి. 1789వ సంవత్సరమున, కోతకు తెచ్చునవి తప్ప బయటి పశువు నేదియు ద్వీపమున దింపరాదని కఠినమైన శాసనము చేసిరి. అది మొదలు రెండువందల యేండ్లకు పైగా నా ద్వీపమున వేఱుజాతి రక్తము కలియలేదు. 2008వ సంవత్సరమున మాత్రమే, బయటి దేశములందలి శుద్ధమైన జెర్సీ ఆబోతుల వీర్యమును తెప్పించుకొనుటకు అనుమతి నిచ్చిరి.

ఈ శాసనముకంటె మాకు ముచ్చట గొలిపిన పని మఱియొకటి కలదు. 1833లో నా ద్వీపపు రైతులు వ్యవసాయ సంఘము నొకదానిని స్థాపించిరి. మఱుసటి యేడు, మంచి యావునకు ఏ యవయవ మెట్లుండవలెనో నిర్ణయించి, ఒక్కొక్కదానికి మార్కు లేర్పఱచిరి. తల కిన్ని, వెన్ను కిన్ని, పొదుగు కిన్ని యని పరీక్షలో మనము మార్కులు వేయునట్లే ఆవులకు వేసిరన్నమాట. 1866లో వంశావళి పుస్తకము నారంభించి, ఏ దూడ కేది తల్లి, ఏది తండ్రి యను సంగతిని వ్రాయసాగిరి. కావున అచ్చమైన జెర్సీ యనగా నా పుస్తకమునకు గాని, దానివంటి యితర దేశముల పుస్తకములకు గాని సంబంధించిన వంశము గలది. సంతలో నమ్మకముగ చెప్పిన మాటచేత ఏ యావును అచ్చమైన జెర్సీ కానేరదు.

ఇక లక్షణములు. ముందుగా చెప్పవలసిన దేమనగా, రంగును కడపట చూడవలెను. మేము మొదట చూచి చెడిపోతిమి. జెర్సీకి ఒక్కటే రంగు లేదు. లేత గోధుమవన్నె మొదలు ఎఱ్ఱమట్టి వన్నె, బూడిద వన్నె, ఇంచుమించు నలుపు వఱకును ఉండును. కొన్నిటికి తెల్లమచ్చలును ఉండును. మేనియందంతటను వన్నె సమముగ నుండక, తల, మెడ, తొడల వద్ద ముదురుగను, పొట్ట క్రింద లేతగను ఉండుట సాధారణము. లేడివన్నె మన నాటు ఆవులలోను కనబడును. కాబట్టి వన్నెను బట్టి కాదనుటకు గాని ఔననుటకు గాని వీలులేదు.

మొదట ముఖమును ప్రక్కనుండి చూడవలెను. మన నాటు ఆవు నొసలు ముందునకు ఉబికియుండును, లేదా తిన్నగ నుండును. జెర్సీ నొసలు కన్నుల నడుమ లోనికి పోయి, అరచేతిని దొన్నెవలె ముడిచినప్పుడేర్పడు పల్లమును తలపించును. దానికి ఇరుప్రక్కల కన్నులు పెద్దవై, పైకి తేలినట్లు కనబడును. ముఖము పొట్టి, నుదురు వెడల్పు. మూతి నల్లనిది, ఆ నలుపు చుట్టును తెల్లని వెండ్రుకల వలయముండును. తవుడు కలిపిన కుడితిలో మూతి ముంచి యిప్పుడే తీసినదా యనునట్లుండును. (సంతలలో నిజముగనే కుడితి త్రాగి వచ్చు ఆవులు గలవు గనుక, తడిగుడ్డతో నొకసారి తుడిచి చూచుట మేలు.) ఈ తెల్లని వలయము జెర్సీకి ముఖ్యమైన గుర్తే గాని, జెర్సీ రక్తము కొంచెము గల సంకరములలోను ఇది కనబడును. బ్రౌన్ స్విస్ అను స్విట్జర్లండు జాతికిని ఇది కలదు. అందుచేత దీని నొక్కదానినే నమ్మరాదు.

ముఖమును చూచిన పిదప మూపునొద్దకు రావలెను. ఇచ్చట కంటికంటె చేతికే పని యెక్కువ. ముందుకాళ్లపైన, మెడ ముగిసి వెన్ను మొదలగు చోట అరచేతిని చదునుగ నుంచి నొక్కవలెను. అచ్చమైన జెర్సీకి చర్మము క్రింద ఎముకల యంచులు సన్నగ తగులును, కండగడ్డ తగులదు. సంకరజాతి కైనచో, కంటికి కనబడకున్నను, చేతి క్రింద మెత్తని కండ యొకటి కదలును. ఆబోతునకు మూపురము పెద్దది, ఆవునకు చిన్నది, సంకరపుటావునకు ఇంకను చిన్నది. అందుచేతనే దూరమునుండి చూచువారు మోసపోవుదురు. ఒక పండ్రెండేండ్ల బాలుని చేయి ఈ గుర్తును కనిపెట్టినది. మా కన్నులు కనిపెట్టలేదు.

మూపునుండి చేతిని క్రిందికి దింపి గంగడోలును చూడవలెను. జెర్సీకి గొంతు క్రింద చర్మము బిగువుగ నుండి, ఱొమ్మునొద్ద కొంచెము మాత్రము వ్రేలాడును. మన జాతుల కది మడతలు మడతలుగ నుండును. ఎండలో వేడిని బయటికి పంపుటకు ఆ వదులు చర్మము పనికివచ్చునని చెప్పుదురు. బొడ్డునొద్ద వ్రేలాడు చర్మముకూడ నాటు రక్తమునకు గుర్తు. ఇక వెన్ను. జెర్సీ వెన్ను మూపునుండి తోక మొదటివఱకు ఇంచుమించు బల్లవలె తిన్నగ నుండును; నాటు ఆవునకు పిఱుదులు తోకవైపునకు వాలియుండును. చెవులు జెర్సీకి పొట్టివి, నిలువుగ నుండునవి. నాటు ఆవునకు పొడవై, కొన్ని జాతులలో వ్రేలాడునవి. కొమ్ములు చిన్నవై ముందునకు వంగియుండును. అయితే నేడు దూడలనాడే కొమ్ముల మొదళ్లను కాల్చివేయుచున్నారు గనుక వానిని బట్టి నిర్ణయించుట కష్టము. గిట్టలు నల్లనివి, గట్టివి.

పొదుగును గూర్చి రెండు మాటలు. నాలుగు భాగములు సమముగ నుండి, ముందువైపున పొట్టకు, వెనుకవైపున తొడలకు గట్టిగ నంటి, పొట్ట క్రింద పాలనరములు మెలికలు తిరిగి లావుగ కనబడుట మంచి పాడికి గుర్తు. ఇది పాడికి గుర్తే గాని జాతికి కాదు. ఏ జాతి ఆవైనను మంచి పాడిదైనచో నట్లే యుండును. పితికిన పిదప పొదుగు ఖాళీ సంచివలె ముడుచుకొనవలెను. పితికినను గట్టిగ నుండునది కండ పొదుగు. అందులో పాలు తక్కువ.

ఆవు పరిమాణముకూడ నొక సాక్ష్యము. పెద్ద జాతులతో పోల్చిన జెర్సీ చిన్నది. ఎదిగిన యావు 400 మొదలు 500 కిలోల వఱకు తూగును. త్రాసు లేకయే బరువు కట్టుటకు మా తొమ్మిదవ తరగతివారు నేర్చుకొన్న లెక్క యిది. ముందుకాళ్ల వెనుకగా ఱొమ్ము చుట్టుకొలతను, భుజపు మొననుండి పిఱుదు మొనవఱకు పొడవును సెంటీమీటరులలో కొలువవలెను. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, వచ్చినదానిని పొడవుతో హెచ్చించి, 10,840 చేత భాగించినచో నించుమించు కిలోల బరువు వచ్చును. చుట్టుకొలత 172, పొడవు 145 అయినచో బరువు సుమారు 396 కిలోలు. దారపుండ, కొలబద్ద, పలక యుండిన చాలును. ఆవు నిలకడగ నుండుటయే కష్టము.

జెర్సీ యని పొరబడు వానిని గూర్చి యిక చెప్పవలెను. మన యూళ్లలో తఱచుగ పొరబడునది హోల్‌స్టీన్ ఫ్రీజియన్ సంకరము. అచ్చమైన హోల్‌స్టీన్ ఆవు పెద్దది. 600 కిలోలు దాటును. నలుపు తెలుపు మచ్చలు మ్యాపు గీచినట్లుండును. ఎఱుపు తెలుపు మచ్చలవియు కొన్ని గలవు. ముఖము పొడవై తిన్నగ నుండును. పాలెక్కువ, వెన్న తక్కువ. సాహివాల్, ఎఱ్ఱసింధీ యావులు ఎఱ్ఱవన్నెవి గనుక పొరబాటునకు తావిచ్చును గాని, వానికి మూపురము, గంగడోలు స్పష్టముగ నుండును; అవి మన యుపఖండపు జాతులే. జెర్సీకి పొరుగుననున్న గెర్న్సీ ద్వీపపు టావు లేతగోధుమ తెలుపుల మచ్చలు గలది. దాని మూతి నల్లగ నుండక లేతవన్నెగ నుండును. మన సంతలలో దానిని చూచుట యరుదు.

ఒకే పేరుతో నన్నిటిని పిలుచు నలవాటు మనకు మాత్రమే గలదని యనుకొనరాదు. ఒకప్పు డింగ్లండు ప్రజలు జెర్సీనుండి వచ్చినను, గెర్న్సీనుండి వచ్చినను ఆ యావుల నన్నిటిని "ఆల్డర్నీ ఆవులు" అని పిలిచెడివారు. ఆల్డర్నీ యనునది వానికి దాపుననున్న వేఱొక చిన్న ద్వీపము. ఆ పేరు కథలలోను ఇండ్లలోను చాలకాలము నిలిచినది. అసలైన ఆల్డర్నీ జాతి మాత్రము నేడు శుద్ధరూపమున లేదు. పేరు మిగిలి జాతి పోవుట యెట్లుండునో దీనివలన తెలియుచున్నది. మన ఒంగోలు జాతి పశువులు సముద్రము దాటి బ్రెజిలు దేశమునకు పోయి, అచ్చట "నెలోరి" యను పేరున, అనగా మన నెల్లూరు పేరుననే, వృద్ధినొంది యున్నవి. అక్కడివారు వంశములను పుస్తకములలో వ్రాసికొని కాపాడుచున్నారు. ఒంగోలు పుట్టినచోట పెరటిలోని యావునకు తాత యెవరో చెప్పగలవా రెందఱున్నారో మా పాఠకులే యోచింతురు గాక.

ఇక సంకరము సంగతి. మన దేశమున 1964-65 మొదలు, పాడి పెంచుటకై ప్రభుత్వము పెద్దయెత్తున విదేశీ ఆబోతుల వీర్యముతో నాటు ఆవులకు గర్భధారణ చేయించుట మొదలిడెను. 2019వ సంవత్సరపు పశుగణనములో దేశమునందలి ఆవులు, ఎద్దులు కలిసి 19 కోట్ల 35 లక్షలు కాగా, వానిలో 5 కోట్ల 14 లక్షలు విదేశీ జాతులును సంకరములును. కావున మన సంతలో "జెర్సీ" యనబడునది దాదాపుగ నెల్లప్పుడు సంకరమే. తప్పేమియు లేదు, సంకర మని తెలిసి కొనవలెను, ఎంత సంకరమో తెలిసి పెంచవలెను.

ఎంత యను ప్రశ్నకు భిన్నముల లెక్క చాలును. నాటు ఆవునకు శుద్ధ జెర్సీ వీర్యముతో పుట్టిన పెయ్యలో సగము జెర్సీ. ఆ పెయ్యకు మరల శుద్ధ జెర్సీతో పుట్టినదానిలో ముక్కాలు. సగపుటావునకు నాటు ఆబోతుతో పుట్టినదానిలో పావు. ముక్కాలు ఆవునకు సగపు ఆబోతుతో పుట్టినదానిలో 5/8 వంతు, అనగా 62.5 శాతము. మన దేశమున పెక్కు రాష్ట్రములవారు విదేశీ రక్తము సగమునుండి 62.5 శాతము వఱకు నుండుట మేలనియు, అంతకు మించనీయరాదనియు తమ విధానములలో చెప్పుకొనిరి. దీనికి కారణము మన యెండలే. జెర్సీ పాలు, నాటు ఆవు ఓర్పు రెండును కావలెనన్నచో ఏదియు పూర్తిగ దొరకదు.

శుద్ధ జెర్సీ మంచి పోషణలో నొక యీతకు ఐదువేల లీటరులకు పైగా పాలిచ్చును. వెన్న నూటికి ఐదు పాళ్లకు దగ్గఱగ నుండును. ఒంగోలు ఆవు ఈతకు సగటున వేయి లీటరులకు లోపుగనే యిచ్చును. కాని వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున ఒంగోలు ఆవు చెట్టునీడన నిలిచి నెమరువేయుచుండగా, జెర్సీ రక్తమెక్కువ గలది నోరు తెఱచి రొప్పుచు, మేత మానివేసి, పాలు తగ్గించును. గోమారులవలన వచ్చు థైలేరియా జ్వరము నాటు పశువులను అంతగ బాధింపదు, సంకరములను చంపివేయగలదు. ఈనిన మొదటి మూడు దినములలో జెర్సీ యావులకు పాలజ్వరము వచ్చు నవకాశము ఇతర జాతులకంటె నెక్కువ. పేరు జ్వరమే గాని ఒళ్లు చల్లబడును. ఆవు కూలబడి, మెడను డొక్కవైపునకు త్రిప్పి పడుకొనును. రక్తములో సున్నపు సత్తువ తగ్గుటయే కారణము. వైద్యులు సకాలమున వచ్చి కాల్షియమును నరములోనికి ఎక్కించినచో కొంతసేపటికే లేచి నిలుచును; ఆలస్యమైనచో చచ్చును. కాబట్టి తన యింట నున్నది ఎంతపాటి జెర్సీయో ఎఱిగినవాడు ఆ మూడు రాత్రులు కొట్టమున దీపము పెట్టుకొని కనిపెట్టి యుండును, ఎఱుగనివాడు నిద్రపోవును.

కొనబోవువారికి మేము నేడు చెప్పున దిది. దళారి చెప్పిన లీటరులను వినవచ్చును గాని లెక్కింపరాదు. ముందునాటి సాయంకాలమే పోయి, మీ కన్నులయెదుట పొదుగును పూర్తిగ ఖాళీ చేయించుడు. ఆ తరువాత ఉదయము, సాయంకాలము, మఱునాటి యుదయము వరుసగ మూడు పూటలు పితికించి కొలువుడు. ఇందుకు ఒప్పుకొననివానియొద్ద కొననక్కఱలేదు. ఆ పాలలో కొంచెము పాలకేంద్రమునకు తీసికొనిపోయి వెన్న శాతమును చూపించుడు. నాలుగున్నరకు పైగా నున్నచో జెర్సీ పోలిక కొంత కలదని యనుకొనవచ్చును, మూడున్నర యొద్దనే నిలిచినచో హోల్‌స్టీన్ పోలిక గావచ్చును. ఇది యొక సూచనయే. మేతను బట్టి, ఈనిన దినములను బట్టి యిది మారుచుండును. ఆవు చెవికి పసుపుపచ్చని బిళ్ల యున్నచో, దానిపై 12 అంకెల సంఖ్య యుండును. దానిని వ్రాసికొని పశువుల ఆసుపత్రిలో చూపినచో, ఆ యావు జాతి, ఈతలు, వేసిన టీకాలు నమోదైనంతవఱకు తెలియవచ్చును. "సూది వేయించుట" యని పల్లెవారనెడి కృత్రిమ గర్భధారణకు వచ్చినవారిని, వాడిన గొట్టముపై నున్న ఆబోతు సంఖ్యయు జాతియు చదివి చెప్పుడని యడుగుడు. వారికి దానివలన కష్టమేమియు లేదు. ఆ సంఖ్యను ఇంటి క్యాలెండరుపై నా తేదీయొద్ద వ్రాసికొనినచో, మీ పెరటిలోనే వంశావళి పుస్తక మారంభమైనట్లు. జెర్సీ ద్వీపమువారు 1866లో చేసినదియు నింతకంటె వేఱు కాదు.

మేము కొనిపించిన యావు నేటికిని ఆ తల్లి యింటనే యున్నది. మొదటి సంవత్సరము అప్పు కంతులు కట్టుట కామె రెండు కూళ్లు చేయవలసి వచ్చెను. కొన్ని నెలలు మేమును చేయి కలిపితిమి, అది చెప్పుకొనదగినది కాదు. ఆవు మాత్రము మూడు వేసవులలో నొక్కనాడును జబ్బుపడలేదు. రెండవ యీతకు ముందు వైద్యులు ఆలోచించి, సగము రక్తము గల సంకర జెర్సీ ఆబోతు వీర్యమునే వేయించిరి. గడచిన మాఘమాసమున పెయ్యదూడ పుట్టినది. దూడకు చెవిబిళ్ల వేయు దినమున మేమును పోయితిమి. పశుసంవర్ధక శాఖ యుద్యోగి వివరములు వ్రాసికొనుచు, జాతి యెదుట "జెర్సీ" యని యెక్కింపబోయెను. బాలుడు ఇప్పుడు పదవ తరగతి. దూడ మూపుపై అరచేయి మోపియే యుండి, "కాదండీ, సంకర జెర్సీ అని రాయండి. తల్లిలో పావు, తండ్రిలో సగం" అనెను. ఉద్యోగి మావైపు చూచిరి. ఈ మాఱు మేమేమియు మాటాడలేదు. ఆయన కొట్టివేసి, బాలుడు చెప్పినట్లే వ్రాసికొనిరి.